హోలోగ్రామ్ : పదం – అర్థం – వ్యవహారం

పాఠ్యాంశ పరిచయం

ప్రక్రియ : వ్యాసం. ఒక విషయాన్ని తీసుకొని, దాని పూర్వాపరాలను క్రమపద్ధతిలో విస్తరించి చెప్పే గద్యరచనను వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠ్యాంశం భాషాసంబంధమైన వ్యాసం.

ఉద్దేశం : ఒక కొత్త వస్తువు లోకంలోకి వచ్చినప్పుడు దానితోపాటు ఒక కొత్త మాట భాషలో ప్రవేశిస్తుంది. ఆ మాట పుట్టిననాటి అర్థంతోనే నిలిచి ఉండదు. వ్యవహర్తల అవసరాన్నిబట్టి దాని అర్థం విస్తరించవచ్చు, కుదించుకొనిపోవచ్చు, పక్కనున్న మరొక వస్తువుకు సంక్రమించవచ్చు. దీనినే భాషావేత్తలు అర్థవిపరిణామం అన్నారు. మన నిత్యవ్యవహారంలోకి వచ్చిన ‘హోలోగ్రామ్’ అనే అన్యదేశ్య పదం ఆధారంగా అర్థవిపరిణామాన్ని వివరించడం, పదానికి సరైన అర్థం తెలియడంవల్ల కలిగే ప్రయోజనాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మందుల దుకాణంలోనో, పుస్తకాల అంగడిలోనో వస్తువును చేతిలోకి తీసుకొని “ఇది అసలుదేనా?” అని మనం అడుగుతాం. దుకాణదారు పెట్టెమీద తళతళలాడే చిన్న బిళ్లను చూపించి “హోలోగ్రామ్ ఉంది కదండీ!” అంటాడు. ఆ ఒక్క మాటతో మన సందేహం తీరిపోతుంది. దినపత్రిక తెరిస్తే, వేదికమీద లేని నాయకుడు హోలోగ్రామ్ రూపంలో ప్రసంగించినట్లు వార్త కనిపిస్తుంది. చలనచిత్రంలో ఒక పాత్ర అరచేతిలోని యంత్రాన్ని నొక్కగానే గాలిలో మనిషి బొమ్మ నిలుస్తుంది. దానిని కూడా చూపరులు హోలోగ్రామ్ అనే అంటారు.

బిళ్ల ఒకటి, వేదికమీది బొమ్మ ఒకటి, గాలిలో నిలిచిన మనిషి ఒకటి. మూడింటికీ మాట ఒక్కటే. ఈ మూడింటిలో ఆ పేరుకు తగినది ఏది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందుగా పదం పుట్టుకను పరిశీలించాలి.

1. వ్యుత్పత్తి

హోలోగ్రామ్ అనే పదంలో రెండు గ్రీకు శబ్దాలున్నాయి. ‘హోలోస్’ అంటే సంపూర్ణమైనది. ‘గ్రామ్మ’ అంటే వ్రాయబడినది. రెండింటినీ కలిపి తెలుగులో చెప్పుకోవలసివస్తే ‘పూర్ణలేఖ’ అనవచ్చు. ఈ రెండవ శబ్దం మనకు కొత్తది కాదు. దూరంనుండి వచ్చే రాత టెలిగ్రాము. మన దేశంలో తంతి సేవలు 2013 జూలైలో నిలిచిపోయినా ఆ మాట మాత్రం పెద్దల నోట ఇంకా వినబడుతూనే ఉంది. గుండె కొట్టుకొనే తీరును కాగితంమీద గీతలుగా వ్రాసి చూపేది కార్డియోగ్రామ్. చివరకు మనం బంగారం తూచే గ్రాము కూడా ఆ గ్రీకు శబ్దంనుండి వచ్చినదే. అయితే ఊరు అనే అర్థంలో మనం వాడే సంస్కృత ‘గ్రామ’ శబ్దానికీ దీనికీ సంబంధం లేదు. అది ధ్వనిసామ్యం మాత్రమే.

ఈ సందర్భంలో ఒక సోదరపదాన్ని కూడా గుర్తించాలి. న్యాయవాదులు ‘హోలోగ్రాఫ్’ అనే మాట వాడతారు. మొదటినుండి చివరివరకు కర్త తన చేతితోనే వ్రాసిన పత్రం అని దాని అర్థం. మనవారు దీనిని ‘స్వదస్తూరి’ అంటారు. ఇక్కడ కూడా ‘సంపూర్ణంగా వ్రాసినది’ అన్న భావమే ఉన్నది. స్వదస్తూరితో ఉన్నంత మాత్రాన వీలునామాకు చెల్లుబాటు వచ్చిందనుకోవడం పొరపాటు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం సాధారణంగా దానికి కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఈ విషయం ఈ పాఠం చివరలో మనకు మళ్లీ ఉపకరిస్తుంది.

తెలుగు అజంత భాష. అంటే తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందువల్లనే ఇతర భాషలనుండి వచ్చిన మాటలు మన నోట రైలు, బస్సు, టికెట్టు, స్టేషను అయినాయి. ఈ పద్ధతిలో హోలోగ్రామ్ కూడా ‘హోలోగ్రాము’ కావాలి. కొందరు అలా పలుకుతారు కూడా. కాని ఇటీవలి కాలంలో వచ్చిన అన్యదేశ్యాలను హలంతంగానే పలకడం విద్యావంతుల వ్యవహారంలో స్థిరపడింది. హోలోగ్రాములు, హోలోగ్రామ్‌లు అనే రెండు బహువచన రూపాలూ వాడుకలో వినబడుతున్నాయి.

2. శాస్త్రార్థం

ఈ పదాన్ని సృష్టించినవాడు డెనిస్ గాబర్. ఆయన 1900లో హంగరీ దేశంలోని బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. ఇంగ్లండులోని రగ్బీ పట్టణంలో ఒక విద్యుత్ పరికరాల సంస్థలో పనిచేస్తూ, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించే చిత్రాన్ని మరింత స్పష్టం చేయడమెలా అని ఆలోచించాడు. 1947లో ఆయనకు స్ఫురించిన ఉపాయమే హోలోగ్రామ్. మరుసటి సంవత్సరం, 1948లో, దానిని ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు.

ఆయన ఆలోచనను గ్రహించడానికి మొదట ఛాయాచిత్రం స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. ఒక వస్తువునుండి కెమెరాలోకి వచ్చే కాంతి ఎక్కడ ఎక్కువగా ఉన్నది, ఎక్కడ తక్కువగా ఉన్నది అన్న సంగతి మాత్రమే ఛాయాచిత్రంలో నమోదవుతుంది. వెలుగునీడలు దక్కుతాయి. కాని ఆ కాంతి ఎంత దూరంనుండి వచ్చింది, దాని తరంగం ఏ దశలో ఉన్నది అన్న సమాచారం పోతుంది. అందుచేత ఛాయాచిత్రాన్ని ఏ పక్కనుండి చూసినా ఒకే రూపం కనిపిస్తుంది. మనిషి చెవి వెనుక ఏమున్నదో తల వంచి చూద్దామంటే కుదరదు.

పోయిన ఆ సమాచారాన్ని కూడా వ్రాసిపెట్టడమే గాబర్ సాధించిన విషయం. నిశ్చలంగా ఉన్న చెరువులోకి రెండు గులకరాళ్లను కొంచెం ఎడంగా విసరండి. రెండు వలయాల అలలు బయలుదేరి ఒకదానినొకటి కలుస్తాయి. కలిసినచోట కొన్ని తావులలో అల రెట్టింపు లేస్తుంది, కొన్ని తావులలో నీరు చదునుగా ఉండిపోతుంది. దీనిని భౌతికశాస్త్రంలో వ్యతికరణం అంటారు. ఆ అల్లికను ఎవరైనా యథాతథంగా గీసి ఉంచగలిగితే, దానినిబట్టి రాళ్లు పడినచోటును లెక్కగట్టవచ్చు. హోలోగ్రామ్‌లో జరిగేదీ ఇదే. ఒక కాంతికిరణం వస్తువుమీద పడి, పరావర్తనం చెంది ఫలకం మీదికి వస్తుంది. మరొక కిరణం వస్తువును తాకకుండా నేరుగా ఫలకం మీదికి వస్తుంది. రెండూ కలిసినచోట ఏర్పడే అత్యంత సూక్ష్మమైన గీతల అల్లిక ఫలకంలో నమోదవుతుంది. ఆ ఫలకాన్ని చూస్తే అందులో బొమ్మ కనిపించదు. తగిన కాంతిని దానిమీద ప్రసరింపజేసినప్పుడు మాత్రం, వస్తువునుండి మొదట వచ్చిన కాంతి తరంగమే మళ్లీ పుట్టి మన కంటికి చేరుతుంది. మూడుకొలతలు గల పూర్ణాకృతి ఫలకం వెనుక నిలిచినట్లు కనిపిస్తుంది. తల పక్కకు జరిపితే వస్తువు పక్కభాగం కూడా కనబడుతుంది.

గాబర్‌కు ఒక చిక్కు మిగిలింది. తరంగాలు లయ తప్పకుండా నడిచే కాంతి ఆ రోజులలో లేదు. పాదరసపు దీపంతో ఆయన తీసిన చిత్రాలు మసకగా ఉండేవి. 1960లో లేసర్ వచ్చిన తరువాత ఈ లోటు తీరింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెట్ లీత్, యూరిస్ ఉపట్నీక్స్ అనే శాస్త్రజ్ఞులు 1962 మొదలుకొని ఈ మార్గాన్ని అభివృద్ధి చేశారు. 1964లో వారు ఒక బొమ్మరైలు హోలోగ్రామ్‌ను ప్రదర్శించినప్పుడు దానిని చూడడానికి శాస్త్రజ్ఞులు బారులు తీరారు. సోవియట్ రష్యాలో యూరీ డెనిస్యుక్ మరొక పద్ధతిని కనుగొన్నాడు. గాబర్‌కు 1971లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు ‘పూర్ణ’ శబ్దం సార్థకతను చూడండి. ఒక ఛాయాచిత్రాన్ని రెండుగా చింపితే ఒక ముక్కలో తల, ఒక ముక్కలో కాళ్లు మిగులుతాయి. లేసర్ కాంతితో తీసిన హోలోగ్రామ్ ఫలకం పగిలితే మాత్రం ప్రతి ముక్కలోను మొత్తం దృశ్యం కనబడుతుంది. పెద్ద కిటికీని మూసివేసి చిన్న రంధ్రం విడిచినా, ఆ రంధ్రానికి కన్ను ఆనించి తోటనంతా చూడవచ్చు కదా! అయితే చూసే కోణం తగ్గుతుంది, స్పష్టత కొంత సన్నగిల్లుతుంది. భాగంలో కూడా సంపూర్ణం ఉండడమే ఈ లేఖకు గల ఏకైక విశేషం.

3. అర్థసంకోచం

పూర్వం చీర, కోక అనే మాటలకు వస్త్రమని మాత్రమే అర్థం. స్త్రీపురుషులు ధరించే బట్ట ఏదైనా చీరే, కోకే. కాలక్రమంలో స్త్రీలు కట్టుకొనే వస్త్రానికే ఆ మాటలు పరిమితమైనాయి. విశాలమైన అర్థం ఇలా కుదించుకొనిపోవడాన్ని అర్థసంకోచం అంటారు. వ్యాపార వ్యవహారంలో హోలోగ్రామ్‌కు జరిగినది ఇదే.

లేసర్ హోలోగ్రామ్‌ను చూడడానికి మొదట్లో లేసరే కావలసివచ్చేది. 1968లో స్టీఫెన్ బెంటన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మామూలు తెల్లని కాంతిలోనే కనిపించే ఇంద్రధనుస్సు రంగుల హోలోగ్రామ్‌ను రూపొందించాడు. దాని గీతల అల్లికను లోహపు అచ్చుగా తీసి, పలుచని ప్లాస్టిక్ పొరమీద ఒత్తి, వెనుక అల్యూమినియం పూత పూస్తే తళతళలాడే బిళ్ల తయారవుతుంది. నాణెం ముద్రించినట్లుగా వేలకొలది బిళ్లలను ముద్రించవచ్చు. సాధారణ ముద్రణాలయంలోగాని, నకలు తీసే యంత్రంతోగాని దీనిని యథాతథంగా రాబట్టడం సాధ్యం కాదు. ఈ గుణాన్ని వ్యాపారసంస్థలు గుర్తించాయి. మాస్టర్ కార్డ్ సంస్థ 1983లో తన కార్డులమీద దీనిని ముద్రించింది. ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రిక 1984 మార్చి సంచిక ముఖచిత్రంగా గద్ద హోలోగ్రామ్‌ను ప్రచురించింది. 2002లో వాడుకలోకి వచ్చిన యూరో నోట్లమీద కూడా హోలోగ్రామ్ ఉంది.

మన దేశంలో ఎన్నికల సంఘం జారీచేసిన ఫోటో గుర్తింపు కార్డులమీద, అనేక పరీక్షల ధ్రువపత్రాలమీద హోలోగ్రామ్ బిళ్లలు కనిపిస్తాయి. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలన్నింటికీ తప్పనిసరి అయిన హై సెక్యూరిటీ నంబరు ప్లేటును పరిశీలించండి. దాని ఎడమవైపు పైభాగాన 20 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల అశోకచక్ర హోలోగ్రామ్ ఉంటుంది. ఈ విధంగా సామాన్యజనుల నోట హోలోగ్రామ్ అంటే ‘అసలుదని చెప్పే మెరిసే బిళ్ల’ అనే అర్థం స్థిరపడింది. ఒక విజ్ఞానోపకరణం పేరు ఒక ముద్ర పేరుగా కుదించుకొన్నది.

కుదించుకొన్న అర్థం అక్కడితో ఆగక పక్కకు కూడా జరిగింది. మెరిసినదల్లా హోలోగ్రామ్ అయింది. ప్రస్తుతం వాడుకలో ఉన్న 500 రూపాయల నోటును వంచి చూస్తే దారం ఆకుపచ్చనుండి నీలంలోకి మారుతుంది. కొందరు దానిని హోలోగ్రామ్ అంటారు. అది రంగు మారే భద్రతా దారం, హోలోగ్రామ్ కాదు. కానుకలకు చుట్టే మెరుపు కాగితంలో రంగులు విడివడినా, వస్తువు రూపాన్ని వ్రాసి ఉంచిన లేఖ అందులో ఉండదు. పేరు తీసుకొన్నది మెరుపు. లేఖ మాత్రం లేదు.

4. అర్థవ్యాకోచం

నువ్వులనుండి తీసిన నెయ్యి నూనె. ఇప్పుడు వేరుశనగ నూనె, కొబ్బరినూనె, చివరకు కిరసనాయిలు కూడా నూనెలే. పరిమితమైన అర్థం ఇలా విస్తరించడాన్ని అర్థవ్యాకోచం అంటారు. వేదికలమీద, వెండితెరమీద హోలోగ్రామ్‌కు జరిగినది ఇది.

వేదికమీద లేని మనిషిని ఉన్నట్లు చూపే ఉపాయం హోలోగ్రామ్‌కంటె చాలా పాతది. 1862లో లండన్ నగరంలోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆచార్యుడు దీనిని ప్రదర్శించాడు. వేదికకు ముందు పెద్ద గాజుపలకను ఏటవాలుగా నిలిపి, ప్రేక్షకులకు కనబడని చోట నటుని ఉంచి, అతనిమీద బలమైన వెలుగు ప్రసరింపజేస్తే గాజులో అతని ప్రతిబింబం తేలుతుంది. ప్రేక్షకులకు వేదికమీద దయ్యం తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. దీనిని ‘పెప్పర్ దయ్యం’ అన్నారు. గాజు స్థానంలో పలుచని పారదర్శక పొర, నటుని స్థానంలో ప్రొజెక్టరు వచ్చాయి. మూలసూత్రం మాత్రం మారలేదు. 1996లో మరణించిన అమెరికా గాయకుడు టూపాక్ 2012లో వేదికమీద కనిపించినది ఇటువంటి పద్ధతిలోనే. 2012 గుజరాత్ శాసనసభ ఎన్నికలలో, 2014 లోక్‌సభ ఎన్నికలలో నరేంద్ర మోదీ ప్రసంగాలు ఏకకాలంలో అనేక వేదికలమీద ప్రదర్శితమైనదీ ఇలాగే. పత్రికలు వీటన్నిటినీ హోలోగ్రామ్ అనే వ్యవహరించాయి.

ఇంకొక ఉదాహరణ తెలుగు నేలతో ముడిపడి ఉన్నది. 2022 జనవరి 23న నేతాజీ సుభాష్ చంద్రబోస్ 125వ జయంతి సందర్భంగా ఢిల్లీలోని ఇండియా గేట్ సమీపంలో ‘హోలోగ్రామ్ విగ్రహం’ ఆవిష్కృతమైంది. 28 అడుగుల ఎత్తుగల ఆ రూపాన్ని శక్తిమంతమైన ప్రొజెక్టరు దాదాపు కంటికి ఆనని పారదర్శకమైన తెరమీద నిలిపింది. ప్రొజెక్టరు ఆపితే ఆ తావు ఖాళీ. అదే సంవత్సరం సెప్టెంబరు 8న ఆ స్థానంలో నల్లరాతి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ విగ్రహాన్ని మలచడానికి 280 టన్నుల ఏకశిలను తెలంగాణలోని ఖమ్మంనుండి 1,665 కిలోమీటర్లు తరలించారు. చెక్కగా మిగిలిన విగ్రహం బరువు 65 టన్నులు. ఒకే మహనీయుని రూపం ఒకే తావులో కొన్ని నెలలు వెలుగుగా, తరువాత శిలగా నిలిచింది. ‘విగ్రహం’ అనే మాట కూడా ఇక్కడ తన అర్థాన్ని వెలుగువరకు విస్తరించుకొన్నదన్నమాట!

ఇక చలనచిత్రాల సంగతి. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ చిత్రంలో ఒక రాజకుమారి బొమ్మ గాలిలో నిలిచి మాట్లాడుతుంది. లోకంలో చాలామంది మనసులో హోలోగ్రామ్ అంటే ఆ రూపమే ముద్రపడింది. నిజమైన హోలోగ్రామ్‌ను ఫలకంవైపు చూసినప్పుడే కనుగొనగలం. ఏ ఆధారమూ లేని గాలిలో కాంతి ఆగి, మనవైపు తిరిగి రాదు. సూర్యకాంతి గదిలో పడినప్పుడు కిరణం దారి కనిపించడానికి కూడా గాలిలోని ధూళికణాలే కారణం.

5. పదజ్ఞానం – వివేకం

వాడుకను తప్పు పట్టడం భాషాభ్యాసకుని పని కాదు. నూనె అన్నంతమాత్రాన నువ్వులే కావాలని ఎవరూ పట్టుబట్టరు. వేదికమీది బొమ్మను హోలోగ్రామ్ అంటే వినోదానికి లోటు లేదు. కాని మాటతోపాటు నమ్మకం కూడా చేతులు మారుతున్నప్పుడు జాగ్రత్త అవసరం. మందు పెట్టెమీది బిళ్ల విషయంలో జరుగుతున్నది ఇదే. నిజమైన హోలోగ్రామ్‌ను అనుకరించడం కష్టమన్న పేరు ఉన్నది. ఆ పేరును ఆసరా చేసుకొని ఏ మెరుపుకాగితం ముక్కనైనా అతికించి ‘హోలోగ్రామ్ ఉంది’ అని చెప్పడం మాత్రం చాలా తేలిక. మహాభారతంలోని మయసభలో దుర్యోధనుడు నీరున్నచోట నేల అనుకొని అడుగు వేశాడు. నకిలీ మందు విషయంలో అటువంటి పొరపాటు నవ్వులతో ముగియదు, ప్రాణానికే ముప్పు తెస్తుంది.

కాబట్టి బిళ్లను చూసినప్పుడు దానిని అటూ ఇటూ వంచి పరిశీలించాలి. రంగులు మాత్రమే మారుతున్నాయా, లేక బొమ్మకు లోతు, కదలిక ఉన్నాయా అని చూడాలి. ఉన్నప్పటికీ అంతటితో తృప్తిపడరాదు. స్వదస్తూరి వీలునామాకు కూడా సాక్షులు కావలసినట్లే, బిళ్లకు కూడా ఇతర సాక్ష్యం కావాలి. మందుల విషయంలో తయారీ సంఖ్య, గడువు తేదీ, కొనుగోలు రశీదు అటువంటి సాక్షులు. ప్రాచుర్యం పొందిన 300 మందుల పేర్లకు 2023 ఆగస్టు 1 నుండి బార్ కోడ్‌గాని, క్యూఆర్ కోడ్‌గాని ఉండాలని కేంద్రప్రభుత్వం నియమం చేసింది. చేతిలోని ఫోనుతో దానిని చదివి, తెరమీద వచ్చిన వివరాలను పెట్టెమీది వివరాలతో సరిపోల్చుకోవచ్చు.

హోలోగ్రామ్ అంటే పూర్ణలేఖ. దాని అర్థాన్ని సగమే తెలుసుకొన్నవాడు మెరుపును చూసి ఆగిపోతాడు. పూర్తిగా తెలుసుకొన్నవాడు ఆ మెరుపు వెనుక లేఖ ఉన్నదా అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగగలగడమే పదజ్ఞానంవల్ల కలిగే మహోపకారం.

కఠిన పదాలు – అర్థాలు

వ్యవహర్త : భాషను మాట్లాడే వ్యక్తి
అన్యదేశ్యం : ఇతర భాషలనుండి తెలుగులోకి వచ్చిన పదం
అజంతం : అచ్చు చివర గలది
హలంతం : హల్లు చివర గలది
పరావర్తనం : కాంతి ఒక తలాన్ని తాకి వెనుకకు మరలడం
వ్యతికరణం : రెండు తరంగాలు కలిసినప్పుడు కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల అణగిపోవడం
సంకోచం : కుదించుకొనిపోవడం
వ్యాకోచం : విస్తరించడం
ఏకశిల : ఒకే రాయి

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఛాయాచిత్రానికి, హోలోగ్రామ్‌కు గల భేదాన్ని వివరించండి.
2. హోలోగ్రామ్ పదంలో అర్థసంకోచం, అర్థవ్యాకోచం ఏ విధంగా జరిగాయో సోదాహరణంగా తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. హోలోగ్రామ్ పద వ్యుత్పత్తిని తెలపండి.
2. ‘పెప్పర్ దయ్యం’ అంటే ఏమిటి?
3. స్వదస్తూరి వీలునామాను రచయిత ఏ సందర్భంలో పోలికగా చెప్పాడు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. “హోలోగ్రామ్ ఉంది కదండీ!”
2. “పేరు తీసుకొన్నది మెరుపు, లేఖ మాత్రం లేదు.”

ఈ. కింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
పూర్ణాకృతి, విజ్ఞానోపకరణం, ఏకైక, అత్యంత

ఉ. కింది సమాసాలకు విగ్రహవాక్యం, సమాసం పేరు వ్రాయండి.
వెలుగునీడలు, సూర్యకాంతి, మూడుకొలతలు

ఊ. భాషాకృత్యం
మీ ఇంటిలోని వస్తువులమీద, పత్రాలమీద ఉన్న మెరిసే బిళ్లలను సేకరించి పరిశీలించండి. వాటిలో లోతుగల బొమ్మ కనిపించేవి ఏవి, రంగులు మాత్రమే మారేవి ఏవి అన్నది పట్టికగా వ్రాయండి. ఇంటిలోని పెద్దలు, ఇరుగుపొరుగువారు వాటిని ఏ పేర్లతో పిలుస్తున్నారో కూడా నమోదు చేయండి.